భట్టిప్రోలు లిపిని చదివిన బ్యూలర్

గుంటూరునుండి దక్షిణముగా పర్చూరునకు పోవు బాటపై ప్రత్తిపాడు కలదు. ఊరి పేరులోనే ప్రత్తి యున్నది. చుట్టును నల్లరేగడి చేలు. తొలకరికి జిగటయై కాలికి పట్టుకొనుచు, వేసవికి నెర్రెలు విచ్చు ఆ నేల ప్రత్తికిని మిరపకును పేరు పొందినది. అచటినుండి తూర్పుగా పోయినకొలది రేగడిచేలు వెనుకబడి, కృష్ణకాలువల క్రింది వరిమళ్లు పచ్చగా కానవచ్చును. ఆ మళ్ల నడుమ, తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుమార్గమున, భట్టిప్రోలు అను గ్రామము కలదు. ఆ గ్రామమున నొక పెద్ద ఇటుకదిబ్బ యున్నది. అది రెండువేల యేండ్లకు పైబడిన బౌద్ధస్తూపము.

చిరకాలము ఆ దిబ్బ యేమో పరిసరముల వారికి తెలియదు. పందొమ్మిదవ శతాబ్దమున బాటలు వేయుటకు ఇటుకలు కావలసివచ్చినప్పుడు, దానిని త్రవ్వి బండ్ల కెత్తిరి. స్తూపపు పైభాగ మట్లే పోయినది. 1892వ సంవత్సరమున పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండరు రీ అను అధికారి మిగిలిన దిబ్బను నడుమ త్రవ్వించెను. లోన మూడు రాతిపేటికలు దొరకెను. వానిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యములు, పూసలు, వానితోపాటు భద్రముగా దాచిన పవిత్రధాతువులు నుండెను. పేటికల అంచులమీదను మూతలమీదను అక్షరములు చెక్కబడి యుండెను. ఒక చిన్న స్ఫటికముపై సైతము వ్రాత యుండెను.

బంగారము నెవరైనను గుర్తింపగలరు. ఆ అక్షరములను గుర్తించుట అంత సులభము కాదు. చూచుటకు అవి అశోకచక్రవర్తి శాసనములలోని అక్షరములవలెనే యుండెను. చదువబోయినచో మాట పొసగకుండెను. కొన్ని అక్షరములు ఎన్నడును ఎచటను చూచినవి కావు. సముద్రముల కావల ఆస్ట్రియా రాజధానియగు వియన్నానగరమున, ఆ వ్రాతల ప్రతులను ముందుంచుకొని ఆ చిక్కును విప్పిన పండితుడు జార్జి బ్యూలర్.

బ్యూలర్ 1837వ సంవత్సరము జూలై 19వ తేదీన జర్మనీదేశమున, హనోవరు రాజ్యమందలి బోర్‌స్టెల్ అను పల్లెలో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఆ సంవత్సరముననే కలకత్తాలో నొక విశేషము జరిగినది. అశోకుని కాలపు బ్రాహ్మీలిపిని చదువగలవా రప్పటికి లోకమున నొక్కరును లేరు. ఆ వ్రాతగల స్తంభములను కొన్నిచోట్ల జనులు భీముని గదలని చెప్పుకొనుచుండిరి. కలకత్తా టంకశాలలో ఉద్యోగియగు జేమ్స్ ప్రిన్సెప్ సాంచీస్తూపపు కంచెరాళ్లపై నున్న చిన్నచిన్న వ్రాతల ప్రతులను చూచుచు, వానిలో ననేకములు ఒకే రెండు అక్షరములతో ముగియుట గమనించెను. గుడికి గాని స్తూపమునకు గాని రాయి నిచ్చినవాడు దానిమీద నేమి చెక్కించును? తన పేరును, తా నిచ్చితినను మాటను. ఆ చివరి మాట దానము కావలెనని ప్రిన్సెప్ ఊహించెను. ఊహ ఫలించెను. ద, న అను రెండు అక్షరములు చేతి కందగానే తక్కినవి వరుసగా లొంగిపోయెను. ఒక యేడాది తిరుగకమునుపే అశోకుని ధర్మశాసనములు మరల మాటలాడ నారంభించెను.

తొట్టిలోని శిశువునకు ఈ సంగతి యేమి తెలియును? కాని బ్యూలర్ బ్రతుకంతయు ప్రిన్సెప్ తెరచిన ఆ వాకిటిగుండనే నడచినది.

హనోవరులో పాఠశాల విద్య ముగించి ఆయన గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున చేరెను. అచట సంస్కృతాచార్యుడగు థియొడోర్ బెన్ఫీ ఆయనకు గురువు. 1858లో పండితపట్టమును పొందిన పిమ్మట పారిస్, లండన్, ఆక్స్‌ఫర్డు నగరముల గ్రంథాలయములలో వ్రాతప్రతుల నడుమ కాలము గడపెను. కొంతకాలము విండ్సర్ రాజభవనపు గ్రంథాలయమున చిన్న ఉద్యోగము చేసెను. పుస్తకములలోని సంస్కృతము ఆయనకు తృప్తి నీయలేదు. ఆ భాష నేటికిని నోట పలుకుచున్న పండితులను చూడవలెననియు, వారితో మాటలాడవలెననియు ఆయన కోరిక. మాక్స్ ముల్లర్ పండితుని సాయముతో ఆ కోరిక నెరవేరెను. 1863లో బ్యూలర్ బొంబాయి చేరి, ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో ప్రాచ్యభాషల ఆచార్యు డయ్యెను.

ఆయన యీదేశమున పదునేడేండ్లు నివసించెను. శాస్త్రులతో సంస్కృతముననే సంభాషించెను. న్యాయస్థానముల యుపయోగమునకై రేమండ్ వెస్ట్ అను న్యాయాధికారితో కలిసి హిందూధర్మశాస్త్ర సంగ్రహమును కూర్చి 1867లో ప్రకటించెను. పిదప గుజరాతు పాఠశాలల పరీక్షాధికారియై ఊరూర తిరిగెను. పాఠశాలలు చూచుట ఉద్యోగము. ఆ యూరిలో ఎవరి యింట పాతగ్రంథము లున్నవో విచారించుట ఆయనకు వ్యసనము. వ్రాతప్రతులను వెదకి సేకరించు పనిని ప్రభుత్వము కూడ ఆయనకు అప్పగించెను. గ్రంథములు గలవారు తొలుత వానిని చూపుటకే జంకెడివారు. వారి యనుమానము అకారణము కాదు: తాతముత్తాతలనాటి పుస్తకము ఒకసారి గడప దాటినచో తిరిగి వచ్చునను నమ్మక మేమి? బ్యూలర్ సేకరించిన ప్రతులలో ననేకములు పూనాలో భద్రముగా నిలిచినవి. కొన్ని ఐరోపా గ్రంథాలయములకును చేరినవి.

1874లో ఆయన రాజస్థానపు ఎడారిలోని జైసల్మేరునకు పోయెను. హెర్మన్ యకోబి యను యువపండితుడు వెంట నుండెను. అచటి జైనభాండాగారమున తాటాకుల కట్టలలో నొక కావ్యము కనబడెను. అది పదునొకండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యచక్రవర్తియగు విక్రమాదిత్యునిపై బిల్హణకవి రచించిన విక్రమాంకదేవచరితము. చరిత్రకారులకు అది పెన్నిధివంటిది. ప్రతిని బయటికి తీసికొనిపోవుట కుదరనందున, గురుశిష్యులవలె ఇరువురును అచటనే కూర్చుండి, కొలదిదినములలో కావ్యమునంతయు తమ చేతులతో వ్రాసికొనిరి. మరుసటి యేడు, 1875లో, అది అచ్చుపడెను. ఆ యేడే ఆయన కాశ్మీరమునకు పోయి, శారదాలిపిలో వ్రాయబడిన గ్రంథములను, భూర్జపత్రములపై నున్న పాతప్రతులను సేకరించి తెచ్చెను.

ఎండలు, ప్రయాణములు, నిద్రలేని పని ఆయన ఆరోగ్యమును క్రుంగదీసెను. 1880లో ఆయన యీదేశమును విడిచి, మరుసటి సంవత్సరమునుండి వియన్నా విశ్వవిద్యాలయమున ఆచార్యు డయ్యెను. దేశము విడిచెనేకాని దేశము ఆయనను విడువలేదు. క్రొత్తశాసన మెచట బయటపడినను దాని ప్రతి వియన్నాకు పోవుట పరిపాటి యయ్యెను. శాసనప్రతి తీయు విధము కొందరు బాలురకు తెలియకపోవచ్చును. తడిపిన కాగితమును రాతిపై పరచి, కుంచెతో మెల్లమెల్లగా కొట్టుదురు. కాగితము అక్షరముల గుంటలలోనికి దిగును. పిదప పైన సిరా అద్దినచో, గుంటలలోని అక్షరములు తెల్లగను చుట్టు నలుపుగను తేలును. రాయి భారతదేశమున నుండగా, దాని ముఖ మిట్లు సముద్రము దాటిపోవును.

మధురానగరమునొద్ద దొరకిన జైనశాసనములు ఆ రోజులలో ఆయన చేతికి వచ్చిన చిక్కులలో నొకటి. వానిలో గురువుల పేర్లు, వారి గణముల పేర్లు, కులముల పేర్లు, శాఖల పేర్లు కుప్పగా నుండెను. అవి యెవరివి? జైనుల కల్పసూత్రమున ప్రాచీనాచార్యుల పట్టిక యొకటి కలదు. ఆ పట్టికను నమ్మదగినది కాదని కొందరు పండితులు త్రోసివేసియుండిరి. బ్యూలర్ రాతిమీది పేర్లను గ్రంథములోని పేర్ల ప్రక్కన నుంచి చూచెను. గణములు, కులములు, శాఖలు ఒకదాని వెంట నొకటి సరిపోయెను. రాయి చెక్కినవాడు ఆ గ్రంథము చూచి చెక్కలేదు. గ్రంథము వ్రాసినవాడు ఆ రాయి చూచి వ్రాయలేదు. రెండు సాక్షులు వేరువేరుగా వచ్చి ఒకేమాట చెప్పిరి.

నేడు పత్రికలలో పదబంధప్రహేళికలు పూరించువారికి ఈ సంతోషము కొంత తెలియును. అడ్డముగా ఊహించిన మాటయు, నిలువుగా ఊహించిన మాటయు ఒక గడిలో కలిసికొని, ఆ గడిలో ఒకే అక్షరము పడినప్పుడు గాని మనసు కుదుటపడదు. ఒక్క ఆధారముతో నింపిన గడి యెప్పుడైనను చెరిపివేయవలసినదే కావచ్చును. ఆ వినోదము 1913లో న్యూయార్కు పత్రికలో పుట్టినది కనుక బ్యూలర్ దానిని చూచియుండలేదు. ఆయనకు దొరకిన గడులు రాతివి. వానిని నిర్మించినవాడు చిక్కు పెట్టవలెనని నిర్మింపలేదు. సమాధానము వచ్చేవారము అచ్చుపడదు.

భట్టిప్రోలు వ్రాతలు ఆయనకు అందునప్పటికి ఆయన వయస్సు ఏబదియైదు సంవత్సరములు. వానిలోని చిక్కు ఎట్టిదో తెలిసికొనుటకు మన తెలుగు వ్రాతనే ఒక్కసారి గమనింపవలెను. మనము క అను అక్షరమునకు తలకట్టు పెట్టుదుము. కి యని వ్రాయునపుడు ఆ తలకట్టు పోయి గుడి వచ్చును. కు అని వ్రాయునపుడు కొమ్ము చేరును. అశోకుని బ్రాహ్మీలిపిలో తలకట్టువంటి దేదియు లేదు. నిలువుగీతను అడ్డగీత ఖండించినచో అది క. దాని పైకొనకు కుడిప్రక్క చిన్న అడ్డగీత చేర్చినచో కా. గీత లేనిది హ్రస్వము, గీత యున్నది దీర్ఘము. ఇది ప్రిన్సెప్ నాటినుండి అందరికిని తెలిసిన నియమము.

బ్యూలర్ మొదట తెలిసిన అక్షరములను లెక్కపెట్టెను. ఇరువదిమూడు అశోకుని అక్షరములే. ఐదు మాత్రము వేరు. ఆ యైదింటిలో మకార మొకటి. అశోకుని మ అడుగున చిన్న వలయము, పైన రెండు కొమ్ములు గల యక్షరము. భట్టిప్రోలులో అది తలక్రిందులై, కొమ్ములు క్రిందికిని వలయము పైకిని ఉండెను. ఘకారము అశోకుని ఘకారమువలె లేక, గకారమునుండి కల్పించినట్లుండెను. జ, ల అనునవియు, ఊష్మాక్షరములలో నొకటియు రూపము మార్చుకొనియుండెను. ఇవి కష్టమే కాని, అలవాటైన కష్టము. తెలిసిన అక్షరముల నడుమ తెలియని యక్షర మొకటి చిక్కినపుడు, మాటలో దాని చోటే దాని పేరును చెప్పును. అది ఒక మాటలో చెప్పినదే వేరొక మాటలోను చెప్పవలెను.

అసలు చిక్కు వేరొకచోట నుండెను. ఆ వ్రాతలో గీత లేని అక్షరము కానరాదు. అకారము ఉండవలసిన ప్రతిచోటను దీర్ఘపు గీతయే. పాతనియమము ప్రకారము చదివినచో పెట్టెకు ప్రాకృతభాషలోని పేరగు మజుస యను మాట మాజుసా యగును. ఒక్క మాట యైనచో చెక్కినవాడు పొరపడెనని సరిపెట్టుకొనవచ్చును. మూడు పేటికలమీదను, మూతలమీదను, పదుల కొలది పేర్లలో ఒకే పొరపాటు చేయు శిల్పి యుండడు. పైగా కొన్నిచోట్ల వేరొక గుర్తు కనబడెను: అడ్డగీతకు మరియొక గీత చేరిన గుర్తు. ప్రాకృత వ్యాకరణమునుబట్టి నిజముగా దీర్ఘ ముండవలసిన చోటులలోనే అది యుండెను.

ఇచట పండితు డొకడు పాతనియమమును విడువక, వ్రాతనే తప్పుపట్టియుండవచ్చును. తెలిసిన నియమమును విడుచుట తెలియనిదానిని నేర్చుటకంటె కష్టము. బ్యూలర్ వ్రాతను నమ్మి నియమమును విడిచెను. అశోకుని లిపిలో దీర్ఘమునకు గుర్తయిన గీత యీ లిపిలో హ్రస్వమగు అకారమునకు గుర్తు. ఏ గీతయు లేని అక్షరము వట్టి హల్లు. ఆనాటి ప్రాకృతమున మాటల చివర హల్లులు నిలువవు. జంటహల్లులను ఒంటిగానే వ్రాయుదురు. అందుచేతనే గీతలేని అక్షరము ఆ రాళ్లపై కానరాలేదు. దీర్ఘమునకు వారు రెండవ గీతను చేర్చుకొనిరి. ఈ ఒక్క మాట ఒప్పుకొన్న వెంటనే మాజుసా మజుస యయ్యెను. వంకరగా నిలిచిన పేర్లన్నియు ఒక్కసారిగా చక్కబడెను. ఇంకొక సవరణ యక్కరలేకపోయెను. చిక్కుముడిని బలముగా లాగినచో బిగియును. కొస దొరకినచో దానంతట నదియే విడిపోవును. ఆ క్షణమున వియన్నాలోని ఆ గదిలో ఆయన యొక్కడే యుండెనో, శిష్యు లుండిరో కాని, రెండువేల యేండ్లుగా ఎవరును చదువని ఆ మాటలను చదివిన తొలి మనుష్యుడు ఆయనయే.

మరి ఆ రాళ్లు ఏమి చెప్పెను? రాజుల దండయాత్రలు గాని, బిరుదులు గాని వానిలో లేవు. కురుడు అను నొకడు తన తల్లితోను తండ్రితోను కలిసి, బుద్ధుని శరీరధాతువుల నుంచుటకై పెట్టెను, స్ఫటికపు భరిణెను ఇచ్చెనని యొక వ్రాత చెప్పును. నిగమవాసులును గోష్ఠి సభ్యులును వరుసగా తమ పేర్లు చెక్కించుకొనిరి. కుబీరకుడు అను రాజు కూడ ఒక గోష్ఠికి ముఖ్యుడుగనే కనబడును. ఆ పేర్లలో నొకడుగనే నిలుచును. అమరావతికిని నాగార్జునకొండకును గొప్పకాలము రాకమునుపే కృష్ణాతీరమున ఊరివారు సంఘములుగా కూడి, చందాలు వేసికొని, ఇట్టి నిర్మాణములు చేసిరని దీనివలన తెలిసినది. బాటల కిటుకలు తోలు బండ్లు మరికొంతకాలము నడచియున్నచో కురుని పేరును, అతని తల్లిదండ్రుల ప్రస్తావనయు ఏ గులకదారి క్రిందనో నలిగిపోయియుండును.

శాసనములు దొరకిన 1892వ సంవత్సరముననే బ్యూలర్ తన నిర్ణయమును వియన్నా ప్రాచ్యపత్రికలో ప్రకటించెను. 1894లో ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటమున పాఠములను అర్థసహితముగా అచ్చువేసెను. చాలకాలమునకు తమిళదేశపు గుహలలోని బ్రాహ్మీవ్రాతలను చదువ పూనిన పండితులకు సైతము, వట్టి హల్లునకును అకారముగల హల్లునకును భేదము చూపు ఈ భట్టిప్రోలు పద్ధతి అక్కరకు వచ్చెను.

బ్యూలర్ చెప్పినదెల్ల సిద్ధాంతముగా నిలిచినదని కాదు. భట్టిప్రోలు శాసనముల కాలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు కలవు. ఊష్మాక్షరపు విలువనుగూర్చియు చర్చ జరిగినది. బ్రాహ్మీలిపి ఎచట పుట్టెనను ప్రశ్నకు ఆయన 1895లో సమాధానము చెప్పబూని, దాని మూలము పశ్చిమాసియాలోని ఫినీషియా లిపియని, దాని ఇరువదిరెండు అక్షరములకును బ్రాహ్మిలో పోలికలు చూపెను. ఆ వాదమును కొందరు ఒప్పుకొనిరి, కొందరు ఖండించిరి. వివాదము నేటికిని తీరలేదు. భట్టిప్రోలులో ఊహను నిలువునను అడ్డమునను పరీక్షించుటకు మాట లుండెను. లిపి పుట్టుకకు అట్టి సాక్షులు లేరు. గొప్ప పండితుని ఊహ యైనను రెండవ సాక్షి లేనిచోట ఊహగనే నిలిచిపోవును.

1898వ సంవత్సరము ఏప్రిలు నెలలో బ్యూలర్ వియన్నానుండి బయలుదేరెను. ఆయన భార్యయు కుమారుడును స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరమున బంధువుల యింట నుండిరి. ఈస్టరు పండుగకు వారిని కలిసికొనవలెనని ఆయన యుద్దేశము. దారిలో కాన్‌స్టన్స్ సరస్సు తీరమందలి లిండావు అను ఊర ఆగెను. ఏప్రిలు 8వ తేదీన, ఎండ కాయుచుండగా, ఒక చిన్నపడవ తీసికొని ఒంటరిగా సరస్సులోనికి పోయెను. తరువాత పడవ మాత్రము దొరకెను. ఆయన మరలి రాలేదు. అప్పటికి ఆయనకు అరువదియొక యేడు నిండలేదు. భారతీయ విద్యలన్నింటిని గూర్చి అనేక పండితులచే వ్రాయించుచున్న మహాగ్రంథమాల ఆయన బల్లపై సగములో నిలిచిపోగా, మిత్రుడగు కీల్‌హార్న్ పండితుడు దానిని చేపట్టెను.

ఆ గ్రంథమాలలో బ్యూలర్ స్వయముగా వ్రాసినది భారతీయ లిపిశాస్త్రము. అది 1896లో వెలువడెను. దానికి జోడించిన పట్టికలలో, అశోకుని అక్షరముల వరుసల వెంటనే, భట్టిప్రోలు అక్షరములకు ప్రత్యేకముగా వరుసలు కలవు. తలక్రిందులైన మకారము అచట నున్నది.